ముందు ఇల్మ్, ఆ తర్వాతే మైక్

"టీవీలో పులుల గురించి చెప్పడం కూడా ఒక నౌకరీయేనా?"

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లాడో పిల్లో డిస్కవరీ చానల్ చూసి "నేనూ ఇట్లాంటి పని చేస్తా" అన్నప్పుడు మన ఇళ్లలో పడే సవాల్ ఇది. తెలుగులో సవాల్ అంటే ఛాలెంజ్, మన ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. మన పెద్దలు వేసేది ఈ రెండూ కాదు. జవాబు వినాలని వేయరు, మాట అక్కడితో ఖతం చేయాలని వేస్తారు. అబ్బా నవ్వేస్తారు. చాచా "ముందు నీట్ సంగతి చూడు బేటా" అంటారు. అమ్మీ "పోనీలెండి, బచ్‌పనా" అని సర్దేస్తుంది. పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తదు.

ఆ సవాల్‌కి సీదా జవాబు చెప్పాలని ఈ నాలుగు మాటలు. అవును, అది నౌకరీయే. అయితే ఎట్లాంటి నౌకరీ అన్నది పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. పిల్లలు ఏమనుకుంటారు? మంచి ముఖం, ఫర్‌ఫర్ అంగ్రేజీ, భుజానికి బ్యాగు ఉంటే చాలనుకుంటారు. పెద్దలు అదంతా తమాషా, నాటకమోళ్ల పని అనుకుంటారు. ఇద్దరూ చూస్తున్నది తెర మీది ముఖాన్నే. ఆ ముఖం అక్కడిదాకా రావడానికి ముందు గడిచిన ఇరవై ఏళ్లను ఎవరూ చూడరు. ఇన్నేళ్లు పేపర్లలో, టీవీ స్టూడియోల్లో మసలిన మనిషిగా నాకు ఒక్కటి అర్థమైంది. రాసిచ్చింది చదివే యాంకర్‌ను ఆర్నెల్లలో తయారు చేయొచ్చు. తెలిసి చెప్పే మనిషిని తయారు చేయడానికి సగం జిందగీ పడుతుంది. సైన్స్, అడవి, జంతువుల ప్రోగ్రాములకు కావాల్సింది ఈ రెండో రకం మనిషి.

అందరికంటే పెద్ద పేరుతోనే మొదలుపెడదాం. డేవిడ్ అటెన్‌బరో, 1926 మే 8న ఇంగ్లండ్‌లో పుట్టారు. 'గాంధీ' సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఈయన అన్న. 'షత్రంజ్ కే ఖిలాడీ'లో అవధ్ నవాబు తఖ్త్ లాక్కునే అంగ్రేజు జనరల్ వేషం కట్టిందీ ఆ రిచర్డే. తమ్ముడు కేంబ్రిడ్జిలో నేచురల్ సైన్సెస్ చదివారు, నేవీలో పనిచేశారు, పిల్లల సైన్స్ పుస్తకాలు ఎడిట్ చేశారు. బీబీసీ రేడియోలో నౌకరీకి దరఖాస్తు పెడితే రాలేదు. తర్వాత అదే బీబీసీలో టీవీ వైపు పిలుపొచ్చి 1952లో చేరారు, అదీ తెర వెనక పనికి. ఆయన పళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయి, కెమెరా ముందుకు వద్దని పైఅధికారి మేరీ ఆడమ్స్ అనుకున్నారట. ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం అది.

1954లో 'జూ క్వెస్ట్' అనే ప్రోగ్రాం మొదలైంది. దానికి ప్రెజెంటర్ అటెన్‌బరో కాదు, లండన్ జూలో పాముల విభాగం చూసే జాక్ లెస్టర్. మొదటి ఎపిసోడ్ కాగానే లెస్టర్‌కు జబ్బు చేసింది. ప్రోగ్రాం ఆపలేక, వెనక ఉన్న అటెన్‌బరో ముందుకు రావాల్సి వచ్చింది. మనవాళ్లు దీన్ని నసీబ్ అంటారు. నసీబే, కాదనను. కానీ ఆ రోజు ఆ జంతువుల సంగతి తెలియని మనిషి అక్కడ ఉంటే, నసీబ్ తలుపు తట్టి వెళ్లిపోయేది.

1965లో ఆయన బీబీసీ టూ చానల్‌కు పెద్ద అయ్యారు. ఆ తర్వాత ఇంకా పైకి వెళ్లారు. కుర్చీ, కారు, దర్జా అన్నీ ఉన్నాయి. 1970ల మొదట్లో అవన్నీ వదిలేసి మళ్లీ అడవి దారి పట్టారు. మన ఖాందాన్‌లో ఎవరైనా డైరెక్టర్ కుర్చీ వదిలి పురుగులు, కప్పల వెంట పోతానంటే ఏమంటాం? 'లైఫ్ ఆన్ ఎర్త్' 13 భాగాలు 1979లో వచ్చేసరికి ఆయన వయసు 52. టీవీలో చేరి 27 ఏళ్లు.

ఆ సిరీస్‌లో ఒక దృశ్యం ఉంది. రువాండా కొండల్లో గొరిల్లాల గుంపు మధ్య ఆయన కూర్చుంటారు. మనిషికీ కోతిజాతికీ బొటనవేలు ఎంత పనికొచ్చిందో చెప్పాలని వెళ్లారు. గొరిల్లాలు దగ్గరికొచ్చి ఆయన్ని తాకాయి, పిల్ల గొరిల్లాలు మీదికెక్కి ఆడుకున్నాయి. అనుకున్న మాట పక్కనపెట్టి, గొంతు తగ్గించి, ఆ క్షణంలో తోచింది గుసగుసగా చెప్పారు. కేకలు లేవు, పరుగులు లేవు. కోట్లమంది గుర్తుపెట్టుకున్నది ఆ గుసగుసనే. అట్లా నెమ్మదిగా ఉండటం యాక్టింగ్‌తో రాదు. ఎదుట ఉన్న జీవి ఎప్పుడు కోపగిస్తుందో, ఎప్పుడు కోపగించదో తెలిసినప్పుడే వస్తుంది.

ఇదంతా అంగ్రేజుల కథ, మనకేం సంబంధం అంటారా? మనకూ ఒకాయన ఉన్నారు. సలీం అలీ. 1896లో ముంబైలో ఒక బోహ్రా ముస్లిం ఖాందాన్‌లో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు, మామూజాన్ ఇంట్లో పెరిగారు. బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిచ్చుకో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మామూజాన్ "ఛోడో బేటా" అని ఊరుకోలేదు. చిట్టీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లాడికి సొరుగులు తెరిచి వందల పిట్టలు చూపించారు. హిందుస్తాన్ పక్షుల శాస్త్రం ఒక మలుపు తిరిగింది ఆ చిట్టీతోనే. పిల్ల అడిగిన ప్రశ్నకు ఇంట్లో జవాబు లేకపోతే, జవాబు దొరికే చోటుకి పంపడం ఎంత పెద్ద పనో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

చాలామందికి తెలియని ముచ్చట ఇంకోటి ఉంది. సలీం అలీకి యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఆ కారణంగానే సర్కారీ జువలాజికల్ సర్వేలో నౌకరీ దొరకలేదు. 1926లో ముంబై ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో ఆయనకు దొరికిన పని పేరు గైడ్ లెక్చరర్. మ్యూజియం చూడటానికొచ్చే జనానికి, బడి పిల్లలకు గాజు పెట్టెల్లోని జంతువుల గురించి విప్పి చెప్పడం. కెమెరా ఒక్కటే తక్కువ, ఇవాళ్టి ప్రెజెంటర్ చేసే పని అదే కదా! ఎదురుగా నిలబడ్డ పిల్లాడి కళ్లలో ఆసక్తి పోతుంటే మాట మార్చాలి, తెలియనోడికి తెలిసేలా చెప్పాలి, తెలిసినోడు నవ్వకుండా చెప్పాలి. ఆ తాలీం ఆయనకు అక్కడ దొరికింది.

తర్వాత జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొస్తే మ్యూజియంలో ఆ పోస్టే లేదు, ఖర్చు తగ్గించడానికి తీసేశారు. చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ముంబై దగ్గర కీహిమ్‌లో గిజిగాడు గూళ్లు చూస్తూ ఆ పిట్ట సంసారమంతా రాశారు. రాజుల రియాసత్‌లకు వెళ్లి "నాకు జీతం వద్దు, ఖర్చులిస్తే మీ ఇలాకాలో పిట్టల సర్వే చేస్తా" అన్నారు. అట్లా 1931-32లో చేసిన మొదటి పెద్ద సర్వేల్లో ఒకటి మన నిజాం హైదరాబాద్ రియాసత్‌ది. భార్య తెహ్మీనా కూడా ఆ క్యాంపుల్లో వెంట ఉండేవారు. 1941లో 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' అచ్చయింది. అదే ఏడాది నుంచి ఆకాశవాణిలో పిట్టల గురించి మాట్లాడటం మొదలుపెట్టి 1985 దాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ ప్రసంగాలు ఒక పుస్తకంగా వచ్చాయి. 44 ఏళ్లు మైక్ ముందు ఉన్న మనిషిని మనం సైంటిస్టుగా ఒక్కటే గుర్తుపెట్టుకున్నాం. మన ముల్క్‌లో ప్రకృతి గురించి జనంతో మాట్లాడిన తొలి తరం గొంతుల్లో ఆయనది ఒకటని పిల్లలకు చెప్పలేదు.

ఇవన్నీ పాత కాలం మాటలు అనుకునేవాళ్ల కోసం ఇవాళ్టి పేరు ఒకటి చెప్తా. హంజా యాసిన్. సూడాన్‌లో పుట్టాడు, ఎనిమిదేళ్లప్పుడు ఖాందాన్‌తో కలిసి బ్రిటన్ వచ్చాడు. అమ్మీ డాక్టర్, అబ్బా డాక్టర్. మన మొహల్లాలో అయితే కొడుకు ఏం చదవాలో పుట్టినరోజే ఖరారయ్యేది. ఈ అబ్బాయికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడం అందరికంటే కష్టం. జువాలజీ చదివాడు. ఆ తర్వాత జంతువుల ఫొటోలు, వీడియోలు తీయడంలో మాస్టర్స్ చేశాడు. స్కాట్లాండ్ పడమటి అంచున మారుమూల పల్లెకు వెళ్లి, ఉండటానికి ఇల్లు లేక కొన్ని నెలలు తన కారులోనే పడుకున్నాడు. పగలంతా కెమెరా పట్టుకుని గద్దలు, నీటికుక్కల వెంట తిరిగాడు. ముందు కెమెరామన్ అయ్యాడు, ఆ తర్వాత చిన్నపిల్లల చానల్‌లో అడవి చూపించే రేంజర్ అన్న అయ్యాడు, ఆ తర్వాతే పెద్ద ప్రోగ్రాములు. 2022లో అక్కడి డాన్స్ పోటీ ప్రోగ్రాంలో గెలిచి ఇంటింటికీ తెలిశాడు. డాన్స్ సంగతి మనవాళ్లలో కొందరికి నచ్చకపోవచ్చు, అది వేరే బహస్. నేను చూడమంటున్నది ఆ కారులో గడిచిన నెలల్ని.

ఈ దారిలో ఉస్తాద్-షాగిర్ద్ రిష్తా కూడా ఉంది. అమెరికాలో కార్ల్ సేగన్ కార్నెల్ యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం ప్రొఫెసర్. 1980లో ఆయన చేసిన 'కాస్మోస్' 13 భాగాలు ఎన్నో దేశాల్లో జనాన్ని ఆకాశం వైపు తిప్పాయి. అంతకు అయిదేళ్ల ముందు, 1975లో న్యూయార్క్ నుంచి ఒక నల్లజాతి కుర్రాడు కార్నెల్‌లో సీటుకి దరఖాస్తు పెట్టాడు. వయసు 17. సేగన్ స్వయంగా ఖత్ రాసి ఆ కుర్రాణ్ని పిలిపించుకున్నారు. రోజంతా ల్యాబ్ చూపించి, సాయంత్రం బస్టాండు దాకా వచ్చి, మంచు పడి బస్సు ఆగిపోతే మా ఇంటికి ఫోన్ చెయ్, ఇక్కడే పడుకో అని ఇంటి నంబరు ఇచ్చారు. ఆ కుర్రాడు చివరికి హార్వర్డ్‌లో చేరాడు. కానీ ఆ రోజును మరవలేదు. 2014లో 'కాస్మోస్' మళ్లీ తీసినప్పుడు ప్రెజెంటర్ ఆయనే, నీల్ డిగ్రాస్ టైసన్. సేగన్ అప్పటికి పోయి 17 ఏళ్లు.

బాగ్దాద్‌లో పుట్టి, 1979లో కుటుంబంతో బ్రిటన్ వెళ్లిన జిమ్ అల్ ఖలీలీది ఇంకో దారి. ఫిజిక్స్ ప్రొఫెసర్. 2009లో బీబీసీకి 'సైన్స్ అండ్ ఇస్లాం' అని మూడు భాగాలు చేశారు. ఇబ్న్ సీనా, ఇబ్న్ అల్ హైథమ్, అల్ ఖ్వారిజ్మీ పేర్లు మనం జల్సాల్లో గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లు కచ్చితంగా ఏం కనిపెట్టారో అడిగితే తడబడతాం. ఆయన తడబడకుండా విప్పి చూపించారు. మజహబ్ విషయంలో తాను నాస్తికుణ్నని ఆయన దాచుకోకుండా చెప్తారు. అందుకని ఆ ప్రోగ్రాం చూడొద్దా? నేను చూడమనే అంటాను. "మనోడు" అని చప్పట్లు కొట్టడం కంటే మన వారసత్వం గురించి తెలిసిన మనిషి చెప్పేది వినడం మేలు. వెయ్యేళ్లకు పైగా ముందే బస్రాకు చెందిన అల్ జాహిజ్ 'కితాబ్ అల్ హయవాన్' అని జంతువుల మీద సంపుటాలకు సంపుటాలు రాశాడు. శాస్త్రం, ముచ్చట్లు, హాస్యం కలిపి రాశాడు. జంతువుల గురించి జనానికి రుచిగా చెప్పడం మనకు పరాయి హునర్ ఏమీ కాదు.

"సరే భాయ్, మగపిల్లల సంగతి చెప్పావు, మా బిడ్డని అడవికి పంపమంటావా?" ఈ మాటా వస్తుంది. అందుకే జమాల్ ఆరా పేరు చెప్పాలి. బిహార్‌లో సంప్రదాయ ముస్లిం ఇంట్లో 1923లో పుట్టారు. పెద్ద చదువులు లేవు. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో పిట్టలను చూసి చూసి, తనంతట తాను నేర్చుకుని, వ్యాసాలు రాశారు. నేషనల్ బుక్ ట్రస్ట్ 1970లో వేసిన 'వాచింగ్ బర్డ్స్' ఆమెదే. పిల్లల కోసం రాసిన ఆ చిన్న పుస్తకం ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది. కానీ ఆమె పేరు చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. బ్రిటన్‌లో మ్యాగీ అడెరిన్ పోకాక్‌ని చూడండి. నైజీరియా అమ్మానాన్నలకు లండన్‌లో పుట్టిన స్పేస్ సైంటిస్ట్, ఆమెకూ డిస్లెక్సియా ఉంది. 1957 నుంచి నడుస్తున్న 'ది స్కై ఎట్ నైట్' ప్రోగ్రాంలో 2014 నుంచి ఒక ప్రెజెంటర్. సైన్స్ చెప్పడానికి అందరూ అడవిలో గుడారం వేయనక్కర్లేదు. ల్యాబ్ ఉంది, టెలిస్కోప్ ఉంది, మేడ మీది నుంచి కనిపించే ఆకాశం ఉంది.

ఇంతవరకూ మంచి చెప్పాను, చేదు కూడా చెప్పాలి.

స్టీవ్ ఇర్విన్ ఆస్ట్రేలియా మనిషి. అమ్మానాన్నల రెప్టైల్ పార్కులో మొసళ్ల మధ్యే పెరిగాడు. టీవీకి రాకముందు ఏళ్ల తరబడి, జనం మధ్యకొచ్చిన మొసళ్లను పట్టి దూరంగా వదిలే పని చేశాడు. ఆయన ఇల్మ్ మీద నాకు షక్ లేదు, జంతువుల మీద ఆయన మొహబ్బత్ మీద అసలే లేదు. కానీ ఆయన ప్రోగ్రాం నడిచింది జంతువుకి ఎంత దగ్గరగా వెళ్తే అంత మజా అన్న లెక్క మీద. 2004 జనవరిలో నెల పసికందైన కొడుకుని ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో మొసలికి కోడిమాంసం పెట్టాడు. దునియా అంతా తిట్టింది. 2006 సెప్టెంబర్ 4న సముద్రంలో షూటింగ్ చేస్తుండగా తిరండి చేప ముల్లు గుండెలో దిగి చనిపోయాడు. 44 ఏళ్లు. అంత అనుభవం ఉన్న మనిషికే అట్లా జరిగిందంటే, అనుభవం లేకుండా ఫోన్ కెమెరా ముందు నాగుపాము పడగ పట్టుకునే మన కుర్రాళ్ల సంగతి ఏంటి? వాళ్ల వీడియోలకు లైకులు చూసి మన పిల్లలు అదే వైల్డ్‌లైఫ్ అనుకుంటున్నారు. అనుమతి లేకుండా పామును పట్టడం, ఆడించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జాన్ పోతే లైకులు తిరిగి తేవు.

రెండో చేదు అబద్ధం. 1958లో డిస్నీ సంస్థ 'వైట్ వైల్డర్‌నెస్' అనే డాక్యుమెంటరీ తీసింది. లెమ్మింగులు అనే ఎలుకజాతి జీవులు గుంపుగా నీళ్లలోకి దూకి ఖుద్‌కుషీ చేసుకుంటాయని అందులో చూపించారు. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది. అదంతా కల్పితమని, జంతువుల్ని తెచ్చి కెమెరా కోసం తోశారని 1982లో కెనడా టీవీ బయటపెట్టింది. ఈ లోపు లోకమంతా ఆ మాట నమ్మేసింది, ఇప్పటికీ సామెతలా వాడేవాళ్లున్నారు. 2011లో బీబీసీ 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగు పిల్లల్ని ఒక జూలో షూట్ చేసి, ఆ సంగతి ప్రోగ్రాంలో చెప్పలేదని పెద్ద రచ్చ అయింది. గొంతు అటెన్‌బరోదే. తల్లి ఎలుగు మంచుగుహలో కెమెరా పెడితే పిల్లలకు ప్రమాదం, కాబట్టి జూలో తీయడం తప్పు కాకపోవచ్చు. కానీ చూసేవాడికి ఆ మాట చెప్పాలి కదా! ప్రెజెంటర్ చేతిలో ఉన్నది అమానత్. చూసేవాడు అడవికి వెళ్లి సరిచూసుకోలేడు, నీ మాట మీద యకీన్ పెట్టుకుంటాడు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి సైన్స్ ముచ్చటనూ సుబ్‌హానల్లాహ్ అని ఫార్వర్డ్ చేసే మన ఇళ్లలో ఈ అమానత్ మాట ముందుగా నేర్పాలి.

ఇక రోజీ మాట. అబ్బాలు అడిగేది ఇదే, అడగడం తప్పూ కాదు. నిజం చెప్పాలంటే ఈ పనిలో నెల జీతాలు తక్కువ. ఒక్కో సిరీస్‌కి ఇంత అని ఒప్పందం, అది అయిపోతే మళ్లీ ఎదురుచూపు. అందుకే ఈ రంగంలో నిలబడ్డ వాళ్లను చూస్తే ప్రతివాళ్లకీ ఇంకో కాలు ఉంటుంది. సేగన్, అల్ ఖలీలీ ప్రొఫెసర్లు. హంజా కెమెరామన్. సలీం అలీకి సర్వేలు, పుస్తకాలు. మన పిల్లలకూ ఇదే సలహా. ప్రెజెంటర్ కావడం మొదటి చదువు కాదు, ఏదో ఒకటి లోతుగా తెలిసిన మనిషి కావడం మొదటి చదువు. జువాలజీ, బోటనీ, వెటర్నరీ, ఫిజిక్స్, జియాలజీ, ఏదైనా సరే. నీట్‌లో సీటు రాకపోతే బీఎస్సీ జువాలజీని సజాలా చూసే అలవాటు మానుకోవాలి. దెహ్రాదూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ మాస్టర్స్ ఉంది. కెమెరా, ఎడిటింగ్ నేర్చుకోవాలంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ జామియా మిల్లియాలో ఏజేకే మాస్ కమ్యూనికేషన్ సెంటర్ ఉన్నాయి. మన హైదరాబాద్ గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో జర్నలిజం ఉంది, ఉర్దూలో పాఠాల వీడియోలు తయారు చేసే కేంద్రమూ ఉంది. టీవీ దాకా చేరని వాళ్లు కూడా ఖాళీగా ఉండరు. టీచర్ అవుతారు, రీసెర్చ్ చేస్తారు, సైన్స్ రిపోర్టర్ అవుతారు. ఇల్మ్ మీద పెట్టిన మెహనత్ మునిగిపోదు. ముఖం మీద పెట్టినది వయసుతో పాటే పోతుంది.

ఆఖరి మాట జబాన్ గురించి. నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా క్లాసులో ఫొటోసింథసిస్ అంటే జియాయీ తాలీఫ్. డిగ్రీకి తెలుగులోకి వస్తే అదే కిరణజన్య సంయోగక్రియ అయింది. రెండు మాటలూ గంభీరంగానే ఉంటాయి, మా దాదీకి రెండూ అర్థం కావు. "ఆకు ఎండ తాగి అన్నం వండుకుంటది" అంటే దాదీకి అర్థమవుతుంది. ప్రెజెంటర్ పని ఇదే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు దారుల్ తర్జుమాలో పండితులు కూర్చుని కెమిస్ట్రీ, ఫిజిక్స్, డాక్టరీ అన్నీ ఉర్దూలోకి తెచ్చారు. పుస్తకాల్లోకి తేవడం వాళ్లు చేశారు. నోటి మాటలోకి, టీవీలోకి, ఫోన్‌లోకి తేవాల్సింది ఇప్పుడు. డిస్కవరీ తెలుగులో వస్తోంది, నిజమే. కానీ అది డబ్బింగ్. ఆఫ్రికా సింహం తెలుగు మాట్లాడుతుంది గానీ, మన కడప పిట్ట గురించి చెప్పేవాళ్లు అందులో దొరకరు.

కడప పిట్ట అంటే కలివికోడి. రాత్రిపూట తిరిగే చిన్న పక్షి. 1848లో మద్రాసు సైన్యంలో డాక్టరైన జెర్డన్ లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. సలీం అలీ సొసైటీ వాళ్లు బొమ్మలు చూపించి ఊళ్లల్లో అడుగుతూ తిరిగితే, రాత్రి వేటకు వెళ్లే స్థానికుడొకాయన పట్టి తెచ్చి చూపించాడు. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. దునియాలో ఇంకెక్కడా లేని పక్షి అని చెప్పే ఆ జీవి మన ముస్లిం కుటుంబాలు వేలల్లో ఉన్న జిల్లాలో ఉంది. కడపలో ఎంతమంది పిల్లలకు దాని పేరు తెలుసు? ఈ కథను కడప యాసలో, మన ఇళ్ల ఉర్దూ కలిపి, కెమెరా ముందు చెప్పే అమ్మాయో అబ్బాయో ఇంకా రావాలి. ఆ గొంతు లండన్ నుంచి రాదు, మన మొహల్లా నుంచే రావాలి.

కాబట్టి అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఇంతే. పిల్ల "నేను జంతువుల ప్రోగ్రాం చేస్తా" అంటే నవ్వొద్దు, గాల్లోకి ఎత్తేయొద్దు కూడా. "సరే బేటా, ఏ జంతువు? దాని గురించి నీకేం తెలుసు? ఇంకా ఏం తెలుసుకోవాలి?" అని అడగండి. ఒక నోటుబుక్కు కొనివ్వండి. ఇంటి ముందు వేపచెట్టు మీదికి ఏ పిట్ట ఎన్ని గంటలకు వస్తుందో ఒక ఏడాది రాయమనండి. వారానికోసారి దస్తర్‌ఖాన్ దగ్గర అందరికీ అయిదు నిమిషాలు చెప్పమనండి, దాదీకి అర్థమయ్యే జబాన్‌లో. మూడు నెలల్లో నోటుబుక్కు మూలన పడితే అది ఆ వయసు సరదా, నష్టమేమీ లేదు. ఏడాది తర్వాత కూడా రాస్తూనే ఉంటే, సలీం అలీకి వాళ్ల మామూజాన్ రాసిచ్చినట్టు ఒక చిట్టీ రాసివ్వండి. కాలేజీ జువాలజీ లెక్చరర్‌కో, అటవీ శాఖ రేంజర్‌కో, పక్షులు చూసే బృందానికో. ఆ చిట్టీకి ఒక కాగితం, రెండు నిమిషాలు ఖర్చవుతాయి.